పెచ్చులూడే స్లాబు: బాగుచెయ్యాలా, కొట్టేయాలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్ఫై నలభై ఏళ్ల కిందట వేసిన స్లాబులకి ఇప్పుడు వయసు మీద పడింది. పాత ఇంట్లోకి మేస్త్రిని పిలిస్తే పైకి ఒకసారి చూసి "దీని పనైపోయింది బాబూ, కొట్టేసి కొత్తది వేసుకోండి" అంటాడు. వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లని పిలిస్తే రెండు పూతలు కెమికల్ చాలంటారు. వెల్డింగ్ షాపాయనైతే "పైన రేకుల షెడ్డు వేసేద్దాం, నీడా వస్తుంది, వానా ఆగుతుంది" అంటాడు. ఎవరికి చేతనైన పని వాళ్లకి మందులా కనిపిస్తుంది. ముగ్గురిలో ఒక్కరూ సుత్తి పట్టుకుని స్లాబుని తట్టి చూడరు. ఇంటివాళ్లు కూడా చూడమని అడగరు.

నా వాదన ఇది. స్లాబు కారడం ఒక జబ్బు, పెచ్చులూడడం ఇంకో జబ్బు. కారుతోందని స్లాబు కొట్టేయడం దండగ. పెచ్చులూడుతుంటే లోపలి ఐరన్ ఎంత మిగిలిందో కొలవకుండా పైపూత పూయడం ప్రమాదం. అలాగే "ఇల్లంతా ఉంచాలా, ఇల్లంతా తీసేయాలా" అనే ప్రశ్నే తప్పు. గది గదికీ విడివిడిగా తేల్చాలి. ఒకే రోజు పోసిన స్లాబులో కూడా వంటగది మీద పోయి, పడగ్గది మీద నిక్షేపంగా ఉండడం మామూలే.

ముందు జబ్బు ఎలా వస్తుందో చూద్దాం. మంచి కాంక్రీటు లోపల క్షార గుణం గట్టిగా ఉంటుంది, పీహెచ్ 12 పైమాటే. ఆ క్షారంలో ఉన్నంతకాలం చువ్వ మీద సన్నని రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏడాదికేడాది లోపలికి దిగుతూ ఆ క్షారాన్ని చంపుకుంటూ పోతుంది. చువ్వ కింద కవరు, అంటే చువ్వని కప్పిన కాంక్రీటు మందం, 10 మి.మీ. ఉంటే తొందరగా అందుతుంది, 25 మి.మీ. ఉంటే చాలా ఆలస్యం. అందిన చోట తేమ కూడా ఉంటే తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకి కింద కాంక్రీటు చువ్వ వెంబడి బీటిచ్చి, పలకలా విడిపోయి, ఓ రోజు పెచ్చుగా రాలుతుంది. మనం చూసే పెచ్చు ఈ కథలో చివరి అంకం. లోపల పని అంతకు చాలా ముందే జరిగిపోయి ఉంటుంది.

పాత స్లాబుల్లో కవరు ఎందుకు తక్కువంటే, కవరు బ్లాకులు పెట్టకుండా పిక్క ముక్కలు పెట్టి ఊచలు లేపేవారు. కాంక్రీటు పోసేటప్పుడు పదిమంది వాటి మీద నడిస్తే ముక్కలు పక్కకి జారి, ఊచ వెళ్లి సెంట్రింగు పలకకి ఆనుకునేది. పెచ్చూడిన చోట చువ్వల కింద సున్నం పొర మందం తప్ప కాంక్రీటే కనబడదు చాలా ఇళ్లలో.

సముద్రం దగ్గర కథ వేరు. బారువ, భావనపాడు, కళింగపట్నం, కోనాడ, చింతపల్లి పక్క ఊళ్లలో గాలిలోనే ఉప్పుంటుంది. దానికి తోడు ఉప్పు బోరు నీళ్లతో కలిపినవి, తీరం ఇసుకతో పోసినవి ఉన్నాయి. ఉప్పులోని క్లోరైడు చేరితే క్షారం బాగా ఉన్నా చువ్వ మీది రక్షణ పొర గుంటలు గుంటలుగా తెగిపోతుంది. ఇక్కడ తుప్పు చువ్వ చుట్టూ సమంగా పట్టదు, ఒక్కోచోట లోతుగా కొరికేస్తుంది. చూడ్డానికి చువ్వ బాగానే ఉన్నట్టుంటుంది, గుంట పడ్డ చోట సగం కూడా మిగలదు. కొత్త స్లాబుల్లో కాంక్రీటు ఘనపు మీటరుకి 0.6 కిలోల క్లోరైడు మించకూడదని ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశపు కోడు) చెప్పింది. పాత స్లాబులోనూ చువ్వల లోతులో దానికి మించి ఉంటే ప్రమాదం కిందే లెక్క. నమూనా పొడి డ్రిల్‌తో తీసి సివిల్ ల్యాబుకి పంపితే లెక్క చెబుతారు.

ఇప్పుడు పరీక్ష. సుద్దముక్క, పావుకిలో సుత్తి, వెర్నియర్ కాలిపర్, గట్టి దారం, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం ఉంటే చాలు. కింది నుంచి సీలింగు మీద అడుగు అడుగుకీ సుద్దతో గళ్లు గీయండి. పన్నెండడుగుల చదరపు గదికి 144 గళ్లు వస్తాయి. ప్రతి గడిలో మెల్లగా తట్టండి. గట్టి చోట సుత్తి ఖంగుమని ఎగిరొస్తుంది. విడిపోయిన చోట బొబ్బుమని డొల్ల శబ్దం వస్తుంది. పైకి సున్నం తెల్లగా, ఒక్క గీత కూడా లేకుండా ఉన్న చోట కూడా ఈ డొల్ల వినబడుతుంది, అవి రేపటి పెచ్చులు. డొల్ల గళ్లలో గుర్తు పెట్టి లెక్కేయండి. తట్టేటప్పుడు కింద నిలబడకూడదు, పక్కకి నిలబడి తట్టాలి, నెత్తిన హెల్మెట్ ఉండాలి. మంచాలు, టీవీ ముందే తీసేయాలని వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత బాగా పోయిన రెండు చోట్ల, బాగున్నట్టున్న ఒక చోట కాంక్రీటు కొట్టి చువ్వ బయటపెట్టండి. పొరలు పొరలుగా తుప్పు ఊడుతుంది, దాన్ని వైర్ బ్రష్షుతో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, అప్పుడు కాలిపర్ పెట్టాలి. తుప్పు మీద కొలిస్తే లావెక్కిన చువ్వే కొలతకొస్తుంది. టార్ స్టీలైనా (మెలితిప్పిన పాత రకం చువ్వ), ఇప్పటి టీఎంటీ అయినా గీతల మధ్య కొలవాలి. 8 మి.మీ. చువ్వ 7.5కి దిగితే బలమిచ్చే వైశాల్యంలో పన్నెండు శాతం పోయింది. 7కి దిగితే 23 శాతం. 6కి దిగితే 44 శాతం. కంటికి ఒక్క మిల్లీమీటరే అరిగినట్టుంటుంది గానీ లెక్కలో పావువంతు స్టీలు లేదు. ఈ నిర్ణయంలో ఇంతకంటే ముఖ్యమైన అంకె మరోటి లేదు.

అప్పుడే కొట్టిన తాజా ముఖం మీద దుమ్ము ఊదేసి ఫినాల్ఫ్తలీన్ చల్లండి. గులాబీ రంగు వస్తే అక్కడ క్షారం బతికే ఉంది. రంగు రాని లోతు ఎంతో స్కేలుతో కొలవండి. రంగు రాని పొర చువ్వని దాటిందంటే కార్బన్ డయాక్సైడు పని. చువ్వ చుట్టూ గులాబీ వస్తూ కూడా చువ్వ తుప్పు పట్టి ఉంటే అనుమానం ఉప్పు మీద. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో కింద చెబుతాను.

ఆఖరుది దారం. గోడ నుంచి గోడకి, రెండు చివర్లా స్లాబుకి ఒకే దూరం కిందుగా బిగించి లాగి, మధ్యలో ఆ దూరం ఎంత తగ్గిందో చూడండి, స్లాబు దిగింది అంత. పన్నెండడుగుల పొడవుకి 15 మి.మీ. వరకు ఐఎస్ 456 ఒప్పుకునే వంపు, అంటే పొడవులో 250వ వంతు. సెంట్రింగు తీసినప్పుడే వంకరగా ఉందేమోనని పక్క గదితో పోల్చుకోవాలి. అంతకు మించి దిగి, ఏటేటా పెరుగుతుంటే మరమ్మతు మాట వదిలేయండి.

నా లెక్కలో గీత ఇలా ఉంటుంది. డొల్ల గళ్లు పదిహేను శాతం లోపు, చువ్వల నష్టం పది పన్నెండు శాతం లోపు, వంపు లేదు, ఊరు సముద్రానికి దూరం, అంటే రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లాంటి చోట్లయితే మరమ్మతు చేయించండి, స్లాబు కొట్టేయాలన్నవాడిని నమ్మొద్దు. గది మధ్యభాగంలో చువ్వలు పావువంతు పైగా అరిగి, మూడోవంతు గళ్లు డొల్లగా ఉంటే కొట్టేయడమే. ఈ రెండింటి మధ్య ఉన్నవాటికి స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి, వాట్సాప్‌లో పంపిన ఫొటో చాలదు. బీములు కూడా చీలి, స్టిర్రప్పులు (బీము చువ్వల చుట్టూ కట్టే రింగులు) తెగి ఉంటే స్లాబు ఒక్కటే మార్చడం అర్థం లేని పని. గోడలు మట్టి అడుసుతో కట్టినవైతే, కొత్త స్లాబు బరువు వాటి మీద వేసే ముందు వాటి సంగతి తేల్చాలి.

తీరం ఊళ్లకి నా గీత ఇంకా కఠినం. అక్కడ ఉప్పు పట్టిన స్లాబుకి అతుకు వేస్తే అతుకు నిలుస్తుంది, దాని అంచు పక్కన పోతుంది. కారణం ఉంది. అప్పటిదాకా తుప్పు పడుతున్న చువ్వ ముక్క పక్క భాగాల్ని తన తుప్పుతో కాపాడుతూ ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి కొత్త మోర్టారులో కప్పేశాక, అంచున ఉప్పుతో నిండిన పాత కాంక్రీటులోని చువ్వ ఆ పాత్ర తీసుకుని తినేయబడుతుంది. రెండు మూడు ఏళ్లలో అతుకు చుట్టూ ఉంగరంలా కొత్త పెచ్చులొస్తాయి, మేస్త్రి పని చెడ్డదని తిట్టుకుంటాం. అతుకు అంచుల్లో చువ్వకి జింకు ఆనోడ్లు (చువ్వకి బదులు తామే తినేయబడే జింకు ముక్కలు) కట్టడం దీనికి ఉన్న మందు. ఖర్చు, దొరకడం రెండూ కష్టమే. అందుకే తీరంలో ఉప్పు లెక్క 0.6 దాటి, డొల్ల గళ్లు ఇరవై శాతం దాటితే ఆ గది స్లాబు కొట్టేసి కొత్తది వేయడమే చవక అంటాను.

చాలా ఇళ్లలో జరిగే ఇంకో పని గురించి చెప్పాలి. కారినప్పుడల్లా మేడ మీద ఒక అంగుళం సిమెంటు గచ్చు వేస్తారు. ఒక అంగుళం గచ్చు చదరపు మీటరుకి 50 కిలోల పైనే. మూడుసార్లు వేస్తే 150 కిలోలు. మనుషులు తిరిగే మేడకి ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులు, గాలి లెక్కల కోడు) లెక్కగట్టే బరువే 150 కిలోలు. అంటే మనుషులు ఎక్కకముందే ఆ కోటా అయిపోయింది, కింద చువ్వలేమో పావువంతు తగ్గాయి. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే ఇంకో టన్ను. గచ్చు మీద గచ్చు వేయడం కంటే పాత గచ్చులన్నీ చెక్కి తీసేయడం సగం వైద్యం. ఎన్ని పొరలున్నాయో పిట్టగోడ దగ్గర ఒకచోట చెక్కితే కనిపిస్తుంది.

రేకుల షెడ్డు కూడా అంతే. వానని ఆపుతుంది, నిజమే. లోతట్టు ఊళ్లలో కార్బన్ డయాక్సైడు వల్ల వచ్చిన తుప్పు, స్లాబు ఎండితే బాగా నెమ్మదిస్తుంది కూడా. కానీ తీరంలో లోపల ఉప్పు చేరిన స్లాబుకి గాలి తేమే చాలు, షెడ్డు కింద కనబడకుండా పని సాగుతూనే ఉంటుంది. గాలి సంగతి మరీ ముఖ్యం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర. విశాఖ తీరానికి ఐఎస్ 875 ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి మూలపీడనం చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. ఇరవై అడుగుల చదరపు షెడ్డు మీద అది ఐదున్నర టన్నుల లెక్క, రేకు బరువేమో చదరపు మీటరుకి ఐదు కిలోలు. గాలి రేకుని పైకి లాగే ఆ బలం అంతా నాలుగు బేస్‌ప్లేట్ల బోల్టుల మీదికి వస్తుంది, బోల్టులేమో డొల్లబారిన స్లాబులో ఉంటాయి. షెడ్డు వేసే తీరాలంటే స్తంభాలు కింద పిల్లరు లేదా బీము ఉన్న చోటే నిలపాలి. రేకు మందం 0.5 మి.మీ.కి తగ్గకూడదు. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, అక్కడే గాలి ఎక్కువ పీకుతుంది.

మరమ్మతు అని తేలితే పని వరస తప్పకూడదు. ముందు మేడ మీద బరువు దించాలి, ట్యాంకు ఖాళీ చేయాలి. గదిలో మూడు నాలుగు అడుగులకో జాకీ పెట్టి, పైన పలక వేసి బిగించాలి. జాకీలు లేకపోతే బలమైన సరుగుడు కర్రలైనా నిటారుగా, కింద పలకలతో. జాకీలు లేకుండా చిప్పింగ్, అంటే పాడైన కాంక్రీటు చెక్కడం, మొదలుపెట్టే మేస్త్రిని ఆపేయండి. చిప్పింగ్‌లో చువ్వ కింద కాంక్రీటు మాత్రమే రాల్చి వదిలేస్తారు. అది చాలదు. చువ్వ వెనక 20 మి.మీ. దాకా, వేలు దూరేంత ఖాళీ రావాలి. తుప్పు లేని మెరిసే చువ్వ కనిపించాక ఇంకో 50 మి.మీ. ముందుకు పోవాలి. అతుకు అంచులు పలచగా సాగకుండా నిటారుగా కోసి ఉండాలి, పలచటి అంచు మొదట ఊడుతుంది.

వంటగది సీలింగులో ఒక అతుకు దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది ఎక్కడ తప్పుతారో. చువ్వ కింది సగానికి ఎర్ర ప్రైమరు బ్రష్షుతో రాస్తారు, వెనక సగానికి బ్రష్షు దూరదు. అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది. జింకు ప్రైమరు చువ్వ చుట్టూ రెండు పూతలు పడాలి. అరిగిన చువ్వ పక్కన అదే సైజు కొత్తది కట్టాలి. 8 మి.మీ. చువ్వకి అటూ ఇటూ బాగున్న భాగం మీద 400 మి.మీ. ల్యాపు, అంటే రెండు చువ్వలూ పక్కపక్కన కలిసి నడిచే పొడవు, ఉండాలి. వెల్డింగ్ వద్దు, పాత టార్ స్టీలు వేడికి బలం పోగొట్టుకుంటుంది. తర్వాత పాత కాంక్రీటుకి ఎస్‌బీఆర్ ల్యాటెక్స్ (రబ్బరు పాలలాంటి ద్రవం), సిమెంటు కలిపిన బాండింగ్ కోటు, అంటే పాతదానికి కొత్తదాన్ని అతికించే పూత, డబ్బా మీద రాసిన పాళ్లలో. అది జిగటగా ఉన్నప్పుడే మోర్టారు పడాలి. పొద్దున కోటు రాసి టీకి పోయి, భోజనం అయ్యాక మోర్టారు కొడితే ఆ ఎండిన కోటే రెండింటినీ విడదీసే పొర అవుతుంది. మరమ్మతు ఊడిపోయిన చోట్ల సగం కారణం ఇదే.

మోర్టారు పాళ్లు: 50 కిలోల బస్తా సిమెంటుకి 150 కిలోల కడిగిన ఇసుక, 10 లీటర్ల ల్యాటెక్స్, నీళ్లు పట్టినన్నే. తలమీద పని కాబట్టి ఒక్కో పొర 10, 15 మి.మీ. మించకూడదు. లోతు 50 మి.మీ. దాటితే షట్టరింగు కట్టి మైక్రోకాంక్రీటు (సన్న పిక్కతో జారుడుగా ఉండే కాంక్రీటు) పోయాలి. లెక్క చూసుకోండి: 100 చదరపు అడుగుల్లో సగటున 40 మి.మీ. లోతు నింపాలంటే దాదాపు నాలుగు బస్తాలు, నలభై లీటర్ల ల్యాటెక్స్. అంత పనికి రెండు ఐదు లీటర్ల డబ్బాలతో దిగితే మిగతాది నీళ్లే. పూశాక ఒకటి రెండు రోజులు తడిగా ఉంచి, ఆ తర్వాత గాలికి ఆరనివ్వాలి. మామూలు స్లాబులా వారాల తరబడి నీళ్లు కొట్టడం ల్యాటెక్స్‌కి పనికిరాదు.

కింద పని అయ్యాక పైన వాటర్‌ప్రూఫింగ్, అది మళ్లీ వేరే వరస. పాత గచ్చు తీసి, బీటల్ని వి ఆకారంలో తెరిచి నింపి, పిట్టగోడ మూలల్లో 50 మి.మీ. గుండ్రటి కోవింగ్ వేసి, వాన గొట్టం నోరు చుట్టూ గట్టిగా చేసి, వందకి ఒకటి వాటంతో గచ్చు వేసి, దాని మీద పూత. పూత మందు ఏదైనా కానీయండి, కారే స్లాబుల్లో నీళ్లు దిగేది ఎక్కువగా పిట్టగోడ మూల, గొట్టం నోరు దగ్గరే.

కొట్టేయాలని తేలితే ఒక గదిని లెక్కేసుకుందాం. పన్నెండడుగుల గదికి గోడలతో కలిపి 125 మి.మీ. మందాన రెండు ఘనపు మీటర్ల చిల్లర కాంక్రీటు, ఐదు టన్నుల పైన బరువు. శిథిలమే రెండు ట్రాక్టర్ లోడ్లు. కొత్తదానికి దాదాపు పదిహేను బస్తాల సిమెంటు, 170 కిలోల స్టీలు. ఈ అంకెలకి మీ ఊరి రేటు వేసుకుని, మరమ్మతు కొటేషన్ దానిలో సగం దాటుతుంటే మరమ్మతు వద్దు. ఫ్యాను హుక్కు, వైరింగు గొట్టాలు, పిట్టగోడ, ప్లాస్టరింగు మర్చిపోకుండా కలపాలి.

కొట్టేటప్పుడు ఎవరూ చెప్పని విషయం పక్క గది. స్లాబు రెండు గదుల మీదుగా ఒకటే అయితే, మధ్య గోడ మీద పైచువ్వలు రెండు వైపులా లాగి పట్టుకుని ఉంటాయి. ఒక వైపు కొట్టగానే రెండో గది వంగుతుంది. అందుకే పక్క గదికి కూడా ముందే జాకీలు పెట్టాలి. మధ్య గోడ దగ్గర పాత చువ్వలు 400 మి.మీ. కోయకుండా వదిలితే కొత్తవాటికి ల్యాపు దొరుకుతుంది. రాలిన కాంక్రీటు ఇంకా నిలబడి ఉన్న స్లాబు మీద కుప్ప పోయకూడదు.

కొత్త స్లాబుకి తీరం ఊళ్లలో ఎం30 బలం గ్రేడు కాంక్రీటు, 45 మి.మీ. కవరు అడుగుతుంది ఐఎస్ 456. కవరు పెరిగితే స్లాబు పనిచేసే లోతు తగ్గుతుంది, అందుకని మందం ఆరంగుళాలకి పెంచి ఇంజనీరు చేత లెక్క వేయించాలి. లోపలి ఊళ్లలో ఎం25, 30 మి.మీ. చాలు. కవరు బ్లాకులు కాంక్రీటువే వాడాలి. పైచువ్వలు తొక్కితే కుంగకుండా మీటరుకో చెయిరు (చువ్వ వంచి చేసిన పీట) కట్టాలి. నీళ్లు బస్తాకి 22 లీటర్లు మించితే బలం పడిపోతుంది, ఉప్పు బోరు నీళ్లు అసలే వద్దు. జాకీలు పద్నాలుగడుగుల లోపు గదికి కనీసం ఏడు రోజులు ఉండాలని కోడు, నేనైతే పద్నాలుగు ఉంచమంటాను. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే పది రోజులకి తక్కువ కాకుండా నీళ్లు కట్టాలి.

పెంకుటిళ్ల సంగతి సులువు. బంగ్లా పెంకు దశాబ్దాలు ఉంటుంది, పోయేది కర్ర. దూలాలు గోడలో దూరిన చివర్లలో స్క్రూడ్రైవరు గుచ్చండి, అంగుళం దిగితే ఆ దూలం మార్చాలి. వంద చదరపు అడుగులకి 140 నుంచి 150 పెంకులు పడతాయి, పాతవాటిలో పగలనివి మళ్లీ వాడొచ్చు. సిమెంటు రేకులు తీసేటప్పుడు నీళ్లతో తడిపి, విరగ్గొట్టకుండా, కోయకుండా హుక్కులు విప్పి దించాలి. అందులోని ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి విషం.

ఇవన్నీ సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఏప్రిల్ మధ్యకి ముగించాలి. మే ఎండలో మోర్టారు గంటలోనే పగులుతుంది, జూన్‌లో వానలొస్తాయి. బేరం "మొత్తం ఇంత" అని ఒప్పుకోవద్దు. చిప్పింగ్ అయ్యాక తెరిచిన వైశాల్యం కొలిచి చదరపు అడుగుకి ఇంత అనండి, లేకపోతే తక్కువ చెక్కినవాడికే లాభం. మేడ పూర్తయ్యాక గొట్టాల నోళ్లు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. ఆ రెండంగుళాలు కూడా చదరపు మీటరుకి 50 కిలోలు కాబట్టి కింద జాకీలు అప్పటిదాకా తీయొద్దు. ఆఖరి వాయిదా ఆ నీళ్లు వదిలాకే ఇవ్వండి.